సంచికి ముడి వేయకండి

పొద్దున్నే చెత్తబండి పాట వినబడగానే గేటు దగ్గరికెళ్ళి నిలబడతాను. మా ఇంటి చెత్త వేసేది మా ఆవిడే. నేను చూసేది ఎదురింటి వాళ్ళ కవర్లకి ముడి ఉందా లేదా అని. "రిటైరై ఇన్నేళ్ళయింది, ఇంకా జనం చెత్త మీద పెత్తనం ఏంటండీ" అని లోపల్నుంచి కేకేస్తుంది ఆవిడ. ఆవిడ కేకలు ఆవిడవి, నా చూపు నాది.

ముప్పై మూడేళ్ళు గోదావరి జిల్లాలో పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. కాంపౌండర్ని. ఊళ్ళో అందరూ డాక్టరు గారూ అనేవారు, కాదని చెప్పీ చెప్పీ చివరికి ఊరుకున్నాను. డాక్టరు గారు కత్తి పట్టుకుంటే ముకుతాడు పట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఆ నిలబడ్డ చోటు నుంచి చూసినవే ఇక్కడ రాస్తున్నాను. మూగజీవాల్ని కావాలని హింసించినవాళ్ళని నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా కేసులన్నీ మంచివాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. అందుకే ఇందులో "ఇది చెయ్యండి" కంటే "ఇది మానండి" అన్నవే ఎక్కువ ఉంటాయి.

ఒక కార్తీకమాసంలో ఓ రైతు ఆవుని తోలుకొచ్చాడు. "చూడిదనుకున్నామండి. నెలలు దాటిపోతున్నా ఈనట్లేదు, ఇప్పుడు మేత కూడా మానేసిందండి, ఆయ్" అన్నాడు. డాక్టరు గారు ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కారు. చపాతీ పిండి మీద వేలు గుచ్చినట్టు నొక్కిన చోట సొట్ట అలాగే ఉండిపోయింది. చూడీ లేదు, ఏమీ లేదు. మర్నాడు డొక్కకి మత్తు సూదులిచ్చి, ఆవుని నిలబెట్టే కోశారు. అవునండి, ఆపరేషన్ అంతా అది నిలబడే ఉంటుంది. డాక్టరు గారు భుజం దాకా చెయ్యి పెట్టి తీస్తుంటే నేను బకెట్లు మారుస్తున్నాను. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు, బట్టలకొట్టు సంచులు, కొబ్బరి పీచు, చంటిపిల్ల రబ్బరు చెప్పు ఒకటి. అన్నీ మెలేసుకుని మోకులా వస్తున్నాయి. ఆఖర్న ఒక నల్ల కవరు వచ్చింది, పిడికిలంత, వేసిన ముడి వేసినట్టే ఉంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు, కత్తెరతో కోసి చూశాను. నల్లబడ్డ అరటితొక్కలు, వక్కపొడి ప్యాకెట్టు, ఒక పిన్నీసు. ఎవరో ఇల్లాలు వంటగట్టు తుడుచుకుని, కంపు కొట్టకుండా శుభ్రంగా ముడి వేసి, గోడ అవతల పెట్టింది. అన్నీ కలిపి తూకం వేశాం, 31 కిలోలు.

ఆవు మనలా నమిలి మింగదు. నాలుకతో చుట్టి లాగి మింగేస్తుంది, తర్వాత తీరిగ్గా పడుకుని నెమరేసుకుంటుంది. దాని నాలుక మీది గరుకు ముళ్ళన్నీ గొంతువైపు తిరిగి ఉంటాయి, లోపలికెళ్ళినదాన్ని ఉమ్మడం దాని వల్ల కాదు. అరటితొక్క వాసన తగిలింది, ముడి విప్పడానికి చేతుల్లేవు, కవరుతో సహా మింగింది. కవరు అరగదు, పేడలో పోదు, పెద్దపొట్టలోనే పేరుకుంటుంది. సూదులూ మేకులూ అయితే ఇంకా ఘోరం. అవి రెండో పొట్టలో ఆగుతాయి, లోపలంతా తేనెపట్టు గదుల్లా ఉంటుంది అది. దానికీ గుండెకీ మధ్య అడ్డం ఒక పల్చటి కండర పొర, అంతే. ఆవు దగ్గినప్పుడో ఈనేటప్పుడు ముక్కినప్పుడో మేకు అటు దిగుతుంది.

అందుకని చెయ్యాల్సింది ఇదీ. తడిచెత్త డబ్బాలో వేసి, డబ్బాతోనే బండిలో ఒంపండి. కవరులోనే పెట్టక తప్పదనుకుంటే మూతి తెరిచే ఉంచండి, బండి వచ్చేదాకా లోపలే పెట్టండి. పిన్నీసులు, బ్లేడులు, విరిగిన సూదులు ఒక పాత మందుసీసాలో వేస్తూ పోయి, నిండాక మూత బిగించి పొడిచెత్తలో వేయండి. మా ఇంట్లో ఆ సీసా నిండడానికి రెండేళ్ళు పట్టింది. కూరల తొక్కలు ఆవుకి పెట్టే అలవాటుంటే మానక్కర్లేదు. బేసిన్‌లో పెట్టి, తినేదాకా నిలబడి, బేసిన్ తెచ్చేసుకోండి. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగుల్ని 2022 డిసెంబరు 31 నుంచి చట్టం వద్దంది. మా సంతలో చేపలు ఇప్పటికీ వాటిలోనే కడుతున్నారు, కాబట్టి చట్టాన్ని నమ్ముకోకుండా గుడ్డసంచి పట్టుకెళ్ళండి. చేపలకి నేను మూతున్న స్టీలు క్యాన్ తీసుకెళ్తాను, నవ్వేవాళ్ళు నవ్వనీ.

పెళ్ళిళ్ళ సీజన్లో మా ఆసుపత్రికి ఇంకో రకం కేసులొచ్చేవి. విందు అయిపోయాక మిగిలిన అన్నం, పులిహోర, బూరెలు పారేయడం పాపమని వీధిలో ఆవులకి గుమ్మరిస్తారు. పుణ్యమని చేసేదే. కానీ ఆవు పొట్టలో ఉండే సూక్ష్మజీవులు గడ్డికి అలవాటు పడ్డవి. ఒక్కసారిగా గంపెడు అన్నం పడితే పొట్ట మొత్తం పులిసి ఆమ్లమైపోతుంది. రాత్రి తిన్న ఆవు మర్నాటికి నెమరు ఆపేస్తుంది, పళ్ళు కొరుకుతుంది, పేడ నీళ్ళలా పుల్లటి కంపుతో పోస్తుంది, తర్వాత కూలబడుతుంది. కనుమ నాడు పొంగలి, పరమాన్నం పెట్టేవాళ్ళకీ ఇదే చెబుతాను. దోసెడు పెట్టి దణ్ణం పెట్టుకోండి, గిన్నె తిరగెయ్యకండి. విందులో మిగిలితే మనుషులకే పంచండి, లేదా రాత్రికి రాత్రే ఎరువు గోతిలో వేయండి.

ఇలా పడిపోయిన పశువుని చూస్తే మనవాళ్ళు చేసే మొదటి పని, మూతి పైకెత్తి వెదురు గొట్టంతో నూనో కషాయమో పట్టించడం. సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్టజబ్బుతో బతకాల్సినది నిమోనియాతో పోతుంది. ఏమీ పట్టించొద్దు. కాళ్ళు ముడుచుకుని రొమ్ము మీద కూర్చునేట్టు రెండువైపులా గడ్డిమోపులు ఆనించి, నీడ చేసి, 1962కి ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం నంబరది, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ అదే. ఫోన్లో ఊరి పేరుతో ఆపకండి, గుడి పక్కన, చెరువుగట్టు మీద అని గుర్తు చెప్పండి.

ఇక కుక్కలు. వీధికుక్క పిల్లల్ని పెట్టిందంటే వీధిలో పిల్లలకి పండగ. ముద్దొచ్చిన కుక్కపిల్లకి ఒక పురికొస ముక్కో రిబ్బనో మెడకి కడతారు, రెండు వారాల్లో మర్చిపోతారు. కుక్కపిల్ల పెరుగుతుంది, తాడు పెరగదు. ఏడెనిమిది నెలల కుక్కని ఒక కుర్రాడు సైకిల్ మీద తెచ్చాడోసారి. మెడ చుట్టూ కంపు, బొచ్చు ఊడి చీము కారుతోంది. తాడు ఎక్కడా కనబడదు, చర్మం దాని మీదుగా మూసుకుపోయింది. ఫోర్సెప్స్‌తో వెతికి వెతికి తీస్తే ఎర్ర రిబ్బను, చిన్న గంట కూడా ఉంది. "నేనే కట్టానండి" అన్నాడు వాడు, నా మొహం చూడకుండా. పదో తరగతి పిల్లాడు. కాబట్టి పిల్లకుక్క మెడకి ఏమీ కట్టకండి. పెంచుకుంటున్నదైతే బెల్టుకీ మెడకీ మధ్య మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. ఆదివారం ఆదివారం దూర్చి చూడండి. దూడ పలుపుకీ అదే లెక్క.

టీకా మాట ఒక్కటి. కుక్కపిల్లకి మూడో నెలలో రేబిస్ టీకా, నెల తర్వాత మరొకటి, ఆ తర్వాత ఏటా ఒకటి. జులై 6న, సెప్టెంబరు 28న చాలా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు. ఏటా ఆ రెండు తేదీల్లో మా ఆసుపత్రి ముందు తాళ్ళు కట్టిన కుక్కలతో చాంతాడంత క్యూ. మీ వీధికుక్కని మీరే మచ్చిక చేసి తీసుకెళ్తే దానికీ వేస్తారు. దాని చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. ఎవరైనా కరిపించుకుంటే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసి కడగండి. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ వద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దానికి మందు లేదు. వీధికుక్కని కాపాడాలనుకునేవాడు చెయ్యగలిగిన అతిపెద్ద సాయం ఈ టీకాయే, ఎందుకంటే ఒక్క పిచ్చికుక్క కరిస్తే ఊరు పది కుక్కల్ని కొడుతుంది.

రోహిణి కార్తెలో గేటు బయట నీళ్ళు పెట్టండి. ప్లాస్టిక్ టబ్బు వద్దు, వేడెక్కుతుంది. వెడల్పాటి మట్టి మూకుడు, నీడలో. అందులో నాలుగు గులకరాళ్ళు వేయండి, తేనెటీగలు వాటి మీద వాలి తాగుతాయి, లేకపోతే మునిగి చస్తాయి. రోజూ పారబోసి పీచుతో తోమాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కారు స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు వేయండి, వానాకాలంలో పిల్లికూనలు వెచ్చదనానికి ఇంజన్ కిందే దూరతాయి. చెప్పుల్లేకుండా మీరు నిలబడలేని రోడ్డు మీద కుక్కని నడిపించకండి.

మందుల దగ్గర నాకు కోపం ఆగదు. మా వెనక వీధిలో ఒకమ్మాయి, పిల్లికి ఒళ్ళు కాలిపోతోందని చంటిబిడ్డ జ్వరం సిరప్పు పట్టించింది. పారాసిటమాల్. సాయంత్రానికి "బాబాయ్ గారూ, మూతి వాచిపోయింది" అని ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. చిగుళ్ళు చూస్తే మట్టిరంగు. పిల్లి కాలేయానికి ఆ మందుని విరగ్గొట్టే శక్తి లేదు, పెద్దవాళ్ళ మాత్ర ఒక్కటి చాలు చంపడానికి. అది బతకలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ నన్ను చూస్తే తల దించుకుంటుంది, ఆమె తప్పేముంది, డబ్బా మీద పిల్లి బొమ్మ కొట్టేసి ఉండదు కదా. మన మందు ఏదీ, ఎంత చిన్న మోతాదైనా, అడక్కుండా పెట్టకండి. కుక్కకి చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయలు వేసిన కూర వద్దు. తల్లి లేని పిల్లికూనకి ఆవుపాలు పడవు, విరేచనాలతో ఎండిపోతుంది. కూన పాలపొడి దొరుకుతుంది, ముందు వెచ్చగా గుడ్డలో చుట్టి డాక్టర్ని అడగండి.

పశువు నొప్పి మందు సంగతి ఇంకా పెద్దది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చచ్చిన గొడ్డుని ఊరి బయట దిబ్బ మీద వేస్తే, మధ్యాహ్నానికి రాబందులు దిగేవి. బస్సులోంచి చూసినా కనబడేవి, మెడలు వంచి, పంచలు కట్టుకున్న ముసలాళ్ళు కూర్చున్నట్టు. తొంభైల చివరికి అవి రావడం మానేశాయి, దిబ్బ మీద కుక్కలు పెరిగాయి. ఎందుకో మాకు అప్పట్లో తెలీదు. మేము రోజూ ఇస్తున్న డైక్లోఫెనాక్ సూదిమందే అని తర్వాత తేలింది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువుని తింటే రాబందు మూత్రపిండాలు చెడిపోయి చనిపోతుంది. 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు తెచ్చి పశువులకి పొడుస్తున్నారని 2015లో 3 మిల్లీలీటర్లకి మించిన సీసాలు ఆపేశారు. 2023లో అలాంటి నొప్పి మందులే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి ఆగాయి. రైతులకి నేను చెప్పేది ఒకటే ముక్క: పశువుకి నొప్పి సూది వేస్తుంటే "మెలాక్సికామేనా అండి?" అని అడగండి. అది రాబందులకి హాని చెయ్యదు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టాయని చదివినప్పుడు, ఆ పేపరు కత్తిరించి బీరువాలో దాచుకున్నాను. ఎన్ని సూదులిచ్చానో నాకు తెలుసు కనక.

పాముల గురించి పొట్టిగా. ఇంట్లోకి వచ్చేవాటిలో ఎక్కువ జెర్రిపోతులు, ఎలుకల కోసం వస్తాయి, విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర అయినా మీరు చెయ్యాల్సింది మారదు. ఒకరు దూరంగా నిలబడి కన్ను తిప్పకుండా చూడాలి, ఇంకొకరు ఆ గది తలుపు వేసి కింద సందులో తువ్వాలు కుక్కాలి, అటవీశాఖకో తెలిసిన పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చెయ్యాలి. కర్ర తీసినవాడికే కాటు పడుతుంది. పడితే కొయ్యొద్దు, కట్టొద్దు, పరిగెత్తొద్దు, కదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్ళని నేను కాదనను, మా ఆవిడా పోస్తుంది. ఒక చెంచా పోసి, ప్యాకెట్టు, కుంకుమ డబ్బా వెనక్కి తెచ్చుకోండి. బుట్టలో పాము తెచ్చి పాలు తాగిస్తానన్నవాడికి మాత్రం రూపాయి ఇవ్వకండి. పాము పాలు తాగే ప్రాణి కాదు. రోజుల తరబడి నీళ్ళు లేకుండా మాడ్చి తెస్తే, గొంతెండి ఏది పోసినా మింగుతుంది.

సంక్రాంతి దాటాక నెల రోజులు చెట్ల కొమ్మల్లో మాంజా వేలాడుతూనే ఉంటుంది. నైలాన్ మాంజాని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. మీ పిల్లలకి నూలుదారం కొనిపెట్టండి, ఎగరేసిన చోట తెగిన దారాలన్నీ చుట్టి ముక్కలు చేసి పారేయండి. కాకో, కొంగో చిక్కుకుంటే దారం లాగకండి, ఎంత లాగితే రెక్కలోకి అంత దిగుతుంది. ముందు పిట్ట మీద గుడ్డ వేయండి, కళ్ళు మూసుకుపోతే సగం బెదురు తగ్గుతుంది. గుడ్డతోనే రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోండి. దారాన్ని కొమ్మ వైపు కత్తిరించండి. ఒంట్లో దిగిన ముక్కని అలాగే వదిలేయండి, అది డాక్టరు తియ్యాలి. బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, అందులో ఉంచి మూత పెట్టి, చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది.

గూటిలోంచి పడ్డ పిల్ల సంగతి వేరు. ఈకలు లేకుండా ఎర్రగా ఉంటే ఎత్తి గూట్లో పెట్టేయండి. మన చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్నది ఒట్టి మాట. ఈకలొచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లీ కుక్కా రాకుండా చూసి మీరు పక్కకి తప్పుకోండి.

రామచిలుకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇంట్లో ఉంటే అదృష్టమని నక్షత్ర తాబేలుని దాచుకున్నా అంతే. దసరాకి పాలపిట్టని బుట్టలో పెట్టి, చూపించి డబ్బులడిగితే ఇవ్వకండి. మనం ఇచ్చే పది రూపాయలకే వచ్చే ఏడాది ఇంకోటి పట్టుబడుతుంది. పొలం గట్టు మీద కరెంటు తీగ చూడండి, ఉచితంగానే కూర్చుని ఉంటుంది. కాకినాడ, ఉప్పాడ వైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా బీచికి వెళ్ళేవాళ్ళు రాత్రిపూట ఇసుక మీదికొచ్చిన తాబేలుకి టార్చి కొట్టకండి, సెల్ఫీ కోసం చుట్టుముట్టకండి. గుడ్లు పెట్టకుండానే తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

కళ్ళెదుట ఎవరైనా జంతువుని చావగొడుతుంటే ఏంచెయ్యాలని అడుగుతారు. గొడవకి దిగకుండా ఫోన్లో వీడియో తీసి, తేదీ, చోటు రాసుకుని పోలీసులకి ఇవ్వండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇప్పటికీ అంతే, మిరపకాయ బజ్జీల ప్లేటు ఖరీదు. కానీ చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ఉంది, ఐదేళ్ళ దాకా జైలు. ఫిర్యాదులో ఆ నంబరు రాయించండి, స్టేషన్లో మాట మారుతుంది.

నా స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఉండేవి చెబుతాను, మీరూ పెట్టుకోండి. మొండి కొసల కత్తెర ఒకటి, తోటపని గ్లవ్సులు, మడిచిన అట్టపెట్టె, దాన్ని అంటించే టేపు, నాలుగు మూరల నూలుతాడు, ఒక నీళ్ళ సీసా, పెద్ద తువ్వాలు. కాకిని పట్టాలన్నా, దెబ్బతిన్న కుక్కని ఎత్తాలన్నా, పాముగది తలుపు సందు మూయాలన్నా ముందు కావాల్సింది ఆ తువ్వాలే. పాతది పెట్టండి. పోయిన సంక్రాంతికి నేను కంగారులో మా అల్లుడికి పెట్టిన కొత్త టర్కీ తువ్వాలు పట్టుకెళ్ళి కొంగకి చుట్టాను. కొంగ ఎగిరిపోయింది గానీ, ఆ తువ్వాలు మాట మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.